కేబుల్ పెట్టాక ఇంకెక్కడి అకూస్టిక్?

అకూస్టిక్ గిటార్‌తో మొదటిసారి పెద్ద స్పీకర్ల మీద వాయించిన రోజు నా కాళ్ల దగ్గర నాలుగు పెడళ్లున్నాయి, కాలితో తొక్కితే గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న డబ్బాలు. శబ్దానికి ఊగే నకలు కలిపే కోరస్, ప్రతిధ్వనినిచ్చే డిలే, గది మోగుడునిచ్చే రివర్బ్, చిన్న శబ్దాలని పైకి లేపే కంప్రెసర్. నెలల తరబడి ఒక్కొక్కటే కూడబెట్టి, చెక్క మీద వరసగా అతికించి, ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసి మరీ వెళ్లాను. కేబుల్ పెట్టి మొదటి కార్డ్ కొట్టగానే వచ్చిన శబ్దం నా గిటార్‌ది కాదు. అట్టపెట్టెకి రబ్బరు బ్యాండ్లు కట్టి మీటినట్టుంది. కంగారులో నాకు తెలిసిన వైద్యం ఒకటే, రివర్బ్ పెంచాను. అట్టపెట్టె కాస్తా బావిలో పడింది. కోరస్ వేశాను. బావిలో నీళ్లు కదిలాయి. చివరికి కంప్రెసర్ తొక్కాను. అంతే, ఐదో తీగ ముట్టుకోకుండానే హాలంతా 'బూఁ' మని ఊళ మొదలైంది. కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

సౌండ్ చూసుకుంటున్న పెద్దాయన విసుక్కోకుండా స్టేజి మీదకొచ్చి, నా పెడళ్లన్నీ పీకేసి, తన దగ్గరున్న చిన్న డబ్బా ఒకటి గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టాడు. దాని మీద రెండు నాబ్‌లు తిప్పాడు. గిటార్ తిరిగొచ్చింది. అద్భుతమేం కాదు గానీ, గిటార్‌లా ఉంది. "ముందు ఇది కొనుక్కోవాల్సింది, అవన్నీ తర్వాత" అని వెళ్లిపోయాడు.

ఆయన మాట సగమే నిజమని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు ముప్పాతిక నిజమంటాను. మిగిలిన పాతిక దగ్గర మాత్రం ఆయనతో నాకు పేచీ ఉంది.

ఎందుకంటే అకూస్టిక్ వాళ్లలో పెడళ్లంటే చిన్నచూపు ఎక్కువ. నా స్నేహితుడొకడు ఇప్పటికీ అంటాడు, "చెక్క పాడుతుంటే మధ్యలో ఈ డబ్బాలెందుకురా?" అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ వాడు వాయించేది కూడా పికప్ (కదలికని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) ఉన్న గిటారే. ఇంట్లో మనం గిటార్ వాయిస్తున్నప్పుడు చెవికి చేరేది ఒక్క తీగల శబ్దం కాదు. పైచెక్క కదలిక, సౌండ్‌హోల్‌లోంచి వచ్చే గాలి, వెనక చెక్క, గోడలకి తగిలి తిరిగొచ్చేది, అన్నీ కలిసి కొన్ని అడుగుల దూరంలో గిటార్ శబ్దం అవుతాయి. బ్రిడ్జ్‌లో తీగలు ఆనుకునే సన్నటి పట్టీ, శాడిల్, దాని కింద దాక్కున్న పిజో పికప్‌కి వీటిలో ఏదీ సరిగా తెలియదు. తనమీద పడే ఒత్తిడి ఒక్కటే తెలుసు. మనిషి గొంతు వినడానికి దవడ ఎముక మీద స్టెతస్కోప్ పెట్టినట్టన్నమాట. కేబుల్ పెట్టిన క్షణంలోనే శబ్దం మారిపోయింది, పెడల్ ఉన్నా లేకున్నా. కాబట్టి 'సహజంగా ఉంచాలా, ఎఫెక్ట్స్ వాడాలా' అన్న ప్రశ్నే తప్పు. పికప్ తీసేసిన దాన్ని ఏ డబ్బాతో, ఎంతవరకు తిరిగి తెచ్చుకుంటాం అన్నదే అసలు లెక్క.

'అన్‌ప్లగ్డ్' పేరుతో ప్రపంచమంతా చూసిన నిర్వాణా అనే అమెరికన్ రాక్ బ్యాండ్ కచేరీనే తీసుకోండి. 1993 నవంబరులో చిత్రీకరించారు. ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ చేతిలో ఉన్నది 1959 నాటి మార్టిన్ కంపెనీ అకూస్టిక్ గిటార్, డీ-18ఈ. దానికి పికప్ ఉంది, ఆ పికప్ నుంచి పెడళ్లకి, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కి కేబుల్ ఉంది. ఆంప్ కనబడకుండా ముందు ఒక పెట్టె అడ్డం పెట్టారు. పేరులో ప్లగ్ లేదు, స్టేజి మీద ఉంది. ఆ గిటార్ శబ్దం నకిలీదని నాకెప్పుడూ అనిపించలేదు, నా స్నేహితుడికీ అనిపించలేదు, వాడికి ఆ సంగతి చెప్పేదాకా.

సరే, ఆ రోజు నా గిటార్ అట్టపెట్టె ఎందుకైందో చెప్పాలి. ఇది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. పిజో పికప్ విద్యుత్ పరంగా చూస్తే ఒక చిన్న కెపాసిటర్. దాని కెపాసిటెన్స్ 1,000 పికోఫారడ్లు అనుకుందాం. అది వెళ్లి చేరే పెడల్‌కో మిక్సర్‌కో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ అని ఒకటుంటుంది, వచ్చే సిగ్నల్‌కి అది ఎంత ఎదురొడ్డుతుందన్న కొలత. ఈ రెండూ కలిస్తే, అడిగినా అడక్కపోయినా, ఒక బాస్ కట్ ఫిల్టర్, అంటే కింది స్వరాల్ని కోసేది, తయారవుతుంది. ఇంపీడెన్స్ తగ్గేకొద్దీ ఆ కోత పైపైకి పాకుతుంది. 10 మెగా ఓమ్స్ ఉన్న ప్రీఆంప్‌లో (పికప్ సిగ్నల్‌ని అందుకుని బలపరిచే డబ్బా, ఆ రోజు పెద్దాయన పెట్టింది అదే) పెడితే కోత 16 హెర్ట్జ్ దగ్గర, అంటే మనకి వినబడే చోటికి కిందే ఉంటుంది, ఏ బాధా లేదు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ పెడళ్లకి సాధారణంగా ఉండే 1 మెగా ఓమ్‌లో పెడితే అది 160 హెర్ట్జ్ దగ్గరికొస్తుంది. గిటార్ ఆరో తీగ, అన్నింటికన్నా లావుది, 82 హెర్ట్జ్. అంటే దాని మూల స్వరం సగం కూడా మిగలదు. ఇక 10 కిలో ఓమ్స్ ఉండే మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా పెట్టారా, కోత 16,000 హెర్ట్జ్‌కి ఎక్కి కూర్చుంటుంది. గిటార్ మొత్తం దానికి కిందే ఉంది!

నా గిటార్‌లో ఉన్నది బ్యాటరీ లేని పాసివ్ పిజో. అది ముందుగా వెళ్లింది కోరస్ పెడల్‌లోకి. బాస్ అక్కడే చచ్చిపోయింది. తర్వాతి మూడు పెడళ్లు ఏం చేసినా శవానికి సింగారమే. (పొడవు కేబుల్ వాడితే ట్రెబుల్, అంటే పై స్వరాల పదును, పోతుందని అందరూ చెబుతారు. ఎలక్ట్రిక్ గిటార్ మాగ్నెటిక్ పికప్‌కి అది నిజం. పాసివ్ పిజోకి మాత్రం పొడవు కేబుల్ వల్ల వాల్యూమ్ తగ్గుతుంది గానీ ట్రెబుల్ ఎక్కడికీ పోదు. ఎన్ని కేబుళ్లు మార్చానో ఇది తెలియక.) మీ గిటార్ పక్కన వాల్యూమ్ నాబ్, లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటే ఈ గొడవ మీకు లేదు. ప్రీఆంప్ లోపలే ఉన్నట్టు. మీకున్న గొడవ వేరు, కచేరీ మధ్యలో బ్యాటరీ అయిపోవడం. చాలా గిటార్లలో కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించనప్పుడు పీకడం మర్చిపోతూ ఉంటే అది తొందరగా అయిపోతుంది.

అందుకే పెద్దాయన ముప్పాతిక నిజం ఇది. మొదటి పెడల్ ప్రీఆంప్. దానిలో ఈక్యూ (బాస్, మిడ్, ట్రెబుల్ ఏది ఎంత వినబడాలో సర్దేది) ఉండాలి, డీఐ ఉండాలి, నాచ్ ఫిల్టర్ ఉండాలి, ఫేజ్ బటన్ (సిగ్నల్‌ని తలకిందులు చేసేది) ఉండాలి. ఎల్.ఆర్. బ్యాగ్స్ పారా డీఐ లాంటివి, ఫిష్‌మన్ వాళ్ల ప్లాటినం వరస ఈ పనికోసమే పుట్టాయి. చూడ్డానికి ఏ మజా ఉండదు. తొక్కితే ఏమీ మెరవదు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. డీఐ పని మరీ విసుగ్గా ఉంటుంది. గిటార్ సిగ్నల్‌ని బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌గా మార్చి, హాలు చివర ఉన్న మిక్సర్ దాకా రొద ఎక్కకుండా మైక్ కేబుల్‌లో పంపడం. కానీ అది లేకపోతే మిగతా సరుకంతా ఉన్నా లేనట్టే.

ఊళ సంగతికొద్దాం. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది కదా, గిటార్ పెట్టె కూడా అలాంటి సీసాయే. డ్రెడ్‌నాట్ అనే పెద్ద సైజు గిటార్‌లో లోపలి గాలి ఇంచుమించు 100 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో ఉండే జీ స్వరం 98, ఖాళీ ఐదో తీగ ఏ స్వరం 110. సరిగ్గా మనం ఎక్కువగా వాడే చోటే పెట్టె కూడా ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దం పెట్టెని ఊపుతుంది, పెట్టె తీగనీ శాడిల్‌నీ ఊపుతుంది, పికప్ దాన్ని మళ్లీ స్పీకర్‌కి పంపుతుంది. ఒక్కో చుట్టుకీ పెరుగుతూ పోతుంది. ఆ రోజు నేను తొక్కిన కంప్రెసర్ చేసేదేమిటి? చిన్న శబ్దాలని పైకి లేపడం. నేను చెయ్యి తీసేసిన తర్వాత మిగిలిన ఆ సన్నటి ఊగుడుని అది శ్రద్ధగా పైకి లేపింది. పాపం, దాని తప్పేం లేదు.

దీనికి మందు నాచ్. ఊళ ఎక్కడుందో వెతికి, ఆ సన్నటి ముక్కని మాత్రం కోసేయడం. ఈక్యూలో బాస్ మొత్తం తగ్గిస్తే ఊళతో పాటు గిటార్ ఒళ్లూ పోతుంది. నాచ్ అలా కాదు, ముల్లు తీసినట్టు తీస్తుంది. ఫేజ్ బటన్ విషయంలో సిద్ధాంతాలు పక్కన పెట్టి రెండు వైపులా నొక్కి చూడండి. స్పీకర్ ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఒకచోట ఊళ తగ్గిస్తుంది, ఇంకోచోట పెంచుతుంది. ఇవన్నీ చేసినా ఆగకపోతే సౌండ్‌హోల్‌లో పెట్టే రబ్బరు మూత ఉంది. ఏ కరెంటూ అక్కర్లేని ఆ మూత నా సరుకులో అన్నిటికన్నా చవకది, అన్నిటికన్నా ఎక్కువసార్లు పరువు కాపాడింది.

ఈక్యూ మీద నాకో పిచ్చి నమ్మకం ఉంది. పెంచడం కంటే తగ్గించడంతోనే పని అవుతుంది. పిజోకి ఉండే ఆ 'క్వాక్ క్వాక్' బాతు గొంతు నా గిటార్‌లో 1,500 హెర్ట్జ్ దగ్గరుంది. అక్కడ మూడు నాలుగు డెసిబెల్స్ తగ్గిస్తే సగం ప్లాస్టిక్‌తనం పోతుంది. మీ గిటార్‌లో అది ఇంకోచోట ఉండొచ్చు. మధ్య స్వరాలకుండే మిడ్ నాబ్ బాగా పెంచి, ఫ్రీక్వెన్సీ నాబ్ మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట మరీ అసహ్యంగా వినిపిస్తుంది. అదే బాతు ఇల్లు. ఇక పెంచడం ఆపి, అక్కడే తగ్గించండి.

ఫిష్‌మన్ ఆరా లాంటి పెడళ్లు ఇంకో మెట్టు ఎక్కాయి. స్టూడియోలో మంచి మైక్ ముందు ఒక గిటార్ ఎలా వినబడుతుందో ముందే కొలిచి పెట్టుకుని, ఆ ముద్రని మీ పిజో శబ్దం మీద వేస్తాయి. మొదటిసారి విన్నప్పుడు ఒళ్లు పులకరించింది. తర్వాత తెలిసింది, పూర్తిగా వేస్తే స్టేజి మీద ఊళ తొందరగా వస్తుందనీ, మిగతా వాయిద్యాల మధ్య గిటార్ ఎక్కడో వెనక్కి పోతుందనీ. ఇప్పుడు మూడో వంతు కలుపుతాను, అంతకు మించి పోను. ఒంటరిగా వాయించేవాళ్లు సగం దాకా వెళ్లొచ్చు.

ఇంతవరకు ఒప్పుకున్నాక, పెద్దాయనతో నా పేచీ. 'అవన్నీ తర్వాత' అన్నాడు గదా, ఆ తర్వాత ఎప్పుడో ఆయన ఉద్దేశంలో ఎప్పటికీ రాదని నాకనిపించింది. నేను ఒప్పుకోను. బ్రిటిష్ గాయకుడు జాన్ మార్టిన్ 1970ల్లో ఎకోప్లెక్స్ అనే టేప్ డిలే యంత్రానికి అకూస్టిక్ గిటార్ తగిలించి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో పోటీపడి వాయించాడు. గిటార్ శబ్దానికి మేకప్ వెయ్యడం కాదది. డిలే తీసేస్తే ఆ సంగీతమే లేదు. అలాంటప్పుడు పెడల్ కూడా ఒక వాయిద్యం, దాన్నీ సాధన చెయ్యాలి.

డిలే అంటే భయపడేవాళ్లకి ఒక చిన్న లెక్క. 60,000ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో, భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 టెంపోకి 500. అందులో ముప్పాతిక, 375 పెట్టి, ఒకటి రెండు ప్రతిధ్వనులే ఉంచి, ఫింగర్‌పికింగ్‌లో (వేళ్లతో ఒక్కో తీగ మీటుతూ) ఎనిమిదో వంతు స్వరాలు, అంటే బీట్‌కి రెండు, వాయించి చూడండి. మీరు వాయించని స్వరాలు మధ్యలో పలుకుతాయి. అదే డిలేతో జోరుగా స్ట్రమ్మింగ్ చేస్తే రద్దీ రోడ్డు మీద హారన్లే. అకూస్టిక్ శబ్దంలో పిక్ తగిలే చప్పుడు, వేలు జారే చప్పుడు ఎక్కువ. డిలే వాటినీ లెక్కపెట్టి మరీ తిరిగి చెబుతుంది. అందుకే ప్రతిధ్వనిలో ట్రెబుల్ తగ్గించే నాబ్ ఉన్న డిలేనే కొనాలి. అనలాగా డిజిటలా అన్న వాదన కన్నా ఆ ఒక్క నాబ్ ముఖ్యం.

రివర్బ్ మాత్రం నేను ఆపను. పికప్ మింగేసిన గదిని తిరిగి ఇచ్చేది అదొక్కటే. కానీ హాల్, కెథడ్రల్ అని రాసి ఉన్న వైపు నాబ్ తిప్పకండి. రూమ్ లేదా ప్లేట్, ఒకటిన్నర సెకనుకి లోపు. ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు చిన్న విరామం) ఉంటే 20, 30 మిల్లీసెకన్లు. అప్పుడు మీటిన చప్పుడు ముందు స్పష్టంగా వచ్చి, గది దాని వెనక నడుస్తుంది.

కోరస్ నాకు పడదు. పెడళ్లు చేసే బాస్ (Boss) కంపెనీ 1976లో సీఈ-1 అనే కోరస్ పెడల్ తెచ్చినప్పటి నుంచి ఎంతోమంది దాన్ని ప్రేమించారు, వాళ్లందరికీ నమస్కారం. సిగ్నల్‌కి ఒక నకలు తీసి, దాన్ని కొంచెం ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని ఊపడం దాని పని. పన్నెండు తీగల గిటార్‌లో జంట తీగల మధ్య ఉండే ఆ చిన్న అపశ్రుతిని అనుకరిస్తుంది. ఉన్నట్టు తెలియనంత తక్కువ పెడితే బాగుంటుంది, అంత తక్కువ పెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. నాకూ లేదు, అందుకే అమ్మేశాను. శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ గురించి చెప్పేదేం లేదు. పిజోలోని పదునైన ట్రెబుల్ అందులోకి వెళితే కందిరీగల తుట్టె. సౌండ్‌హోల్‌లో మాగ్నెటిక్ పికప్ ఉంటే అప్పుడు చూడండి, కొబేన్ అదే చేశాడు.

'అకూస్టిక్ కోసం ప్రత్యేకం' అని రాసి ఉన్న పెడళ్లే కొనాలా అని చాలామంది అడుగుతారు. మొదటి డబ్బా వరకే ఆ మాటకి విలువ. ప్రీఆంప్ దాటాక సిగ్నల్ బలంగా ఉంటుంది, తర్వాత వచ్చే డిలేకి, రివర్బ్‌కి అది ఏ గిటార్ నుంచి వచ్చిందో తెలియదు, అక్కర్లేదు. ఎలక్ట్రిక్ వాళ్ల డిలే హాయిగా పనిచేస్తుంది. కొనేముందు మాత్రం ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌లో వినొద్దు. ఆ స్పీకర్లలో 5,000 హెర్ట్జ్ దాటితే పెద్దగా ఏమీ వినిపించదు, అందులో ప్రతి అకూస్టిక్ పెడలూ దుప్పటి కప్పినట్టే ఉంటుంది. మీ గిటార్ మీరే తీసుకెళ్లి, పూర్తి రేంజ్ ఉన్న స్పీకర్‌లో, పెడల్ వేసినప్పుడూ తీసినప్పుడూ వాల్యూమ్ సమానంగా ఉండేట్టు సరిచూసుకుని వినండి. కాస్త గట్టిగా వినిపించేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. నా నాలుగు పెడళ్లలో రెండు అలా మోసపోయి కొన్నవే.

పవర్ సంగతి ఒక్క మాట. అన్నింటికీ ఒకే అడాప్టర్ గొలుసుగా తగిలిస్తే, డిజిటల్ పెడల్ రొద మిగతావాటిలోకి పాకుతుంది. ఒక్కో పెడల్‌కి విడిగా కరెంటు ఇచ్చే ఐసొలేటెడ్ సప్లై కొనండి, ఒక్కో పెడల్‌కి ఎన్ని మిల్లీయాంప్స్ కావాలో దాని అడుగున రాసి ఉంటుంది, చూసుకోండి.

మిగిలింది లూపర్, వాయించింది రికార్డ్ చేసుకుని తిప్పి తిప్పి వినిపించే పెడల్. 2004లో స్కాటిష్ గాయని కే.టీ. టన్‌స్టల్ బీబీసీ స్టూడియోలో ఒక్కతే నిలబడి, అకాయ్ హెడ్‌రష్ పెడల్‌తో తన గొంతూ గిటార్ దరువూ పొరలు పొరలుగా పేర్చి పాడినప్పటి నుంచి ఒంటరిగా వాయించే ప్రతివాళ్లకీ అది కావాలి. నేనూ కొన్నాను. ఒకట్రెండు కచేరీల తర్వాత ఒక సంగతి గమనించాను. నేను పొరలు కడుతున్నంతసేపూ జనం మర్యాదగా ఎదురుచూస్తున్నారు, ఇల్లు కడుతుంటే బయట నిలబడ్డ చుట్టాల్లాగా. టన్‌స్టల్ పొరలు కడుతున్నప్పుడే పాట మొదలైపోతుంది, నాకది చేతకాలేదు. దాన్ని అమ్ముదామనుకుంటుండగా ఇంకో పనికి పనికొచ్చింది.

అందరూ లూపర్‌ని వరస చివర పెడతారు. నేను ప్రీఆంప్ పక్కనే, మిగతా అన్నిటికీ ముందు పెట్టాను. సౌండ్ చెక్‌లో అర నిమిషం వాయించి, రికార్డ్ చేసి, దాన్నే తిరగనిస్తాను. కాసేపు మెత్తగా, కాసేపు గట్టిగా, ఐదో తీగ మీద రెండు దెబ్బలు. లూపర్‌లోంచి నా గిటార్ ఏ ఎఫెక్టూ లేకుండా వస్తూనే ఉంటుంది, దాని తర్వాతి పెడళ్లని ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. ఊళ సంగతి ఇందులో తేలదు, దానికి గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే. కానీ స్టేజి దిగి, ఖాళీ కుర్చీల మధ్య నుంచి చివరి వరస దాకా నడిచి వెళ్లి, జనం వినబోయేది నేను వింటాను. తర్వాత వెనక్కొచ్చి రివర్బ్ కాస్త తగ్గిస్తాను. మళ్లీ వెళ్తాను, మళ్లీ వస్తాను. ఇంకాస్త తగ్గిస్తాను. పెంచిన రోజు ఒక్కటీ గుర్తుకు రావట్లేదు.